గంగజల గుండెలో తలుపు

నేను ఒక కృత్రిమ గుండె కవాటాన్ని. కవాటమంటే తలుపే. అరచేతిలో పెట్టుకుంటే పెద్ద రూపాయి బిళ్లంత ఉంటాను. చుట్టూ తెల్లటి బట్ట అంచు, మధ్యలో అర్ధచంద్రాల్లాంటి రెండు నల్లటి రెక్కలు. నన్ను చేసినవాళ్లు ముఖాలకు గుడ్డలు కట్టుకుని, నా మీద గీత పడిందేమోనని భూతద్దం కింద తిప్పి తిప్పి చూశారు. వాళ్లు ఒకరినొకరు అంత శ్రద్ధగా చూసుకోగా మాత్రం నేను చూడలేదు. ఆ తర్వాత డబ్బాలో పెట్టి మూతవేశారు. ఎవరి గుండె అయినా చెడితే తప్ప నాకు బతుకు లేదు. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ ఇబ్బందిగానే ఉంటుంది.

చెడిన గుండె గంగజలది. జగిత్యాల దగ్గరి ఒక పల్లెలో బీడీలు చుట్టి బతికే మనిషి. చిన్నప్పుడు గొంతునొప్పి వచ్చింది, తర్వాత జ్వరంతో మోకాళ్లు వాచాయి. ఎదిగే పిల్లకు నొప్పులు మామూలేనన్నారు ఇంట్లోవాళ్లు. వాపు తగ్గింది కాని, ఆ జ్వరం లోపల గుండె తలుపును కొరికి పోయింది. పెళ్లయ్యాక నీళ్ల బిందె ఎత్తితే ఆయాసం మొదలైంది. ఊళ్లో పెట్టిన వైద్య శిబిరంలో ఒక డాక్టరు ఆమె ఛాతీ మీద స్టెతస్కోపు పెట్టి, అందరికంటే ఎక్కువసేపు విన్నాడు.

రక్తం సాఫీగా పోతే గుండెలో రెండే చప్పుళ్లు. దారి ఇరుకైనా, తలుపు సరిగా మూసుకోక రక్తం వెనక్కి చిమ్మినా, ఆ రెండింటి మధ్య గాలి ఊదినట్టు మరో చప్పుడు వస్తుంది. డాక్టర్లు దాన్ని మర్మరధ్వని అంటారు. హైదరాబాదు ఆసుపత్రిలో ఎకో పరీక్ష చేసి, తలుపు మందమై ముడుచుకుపోయిందని, బాగుచేసే వీలు లేదని తేల్చారు. దాన్ని కోసి తీసేసి, ఆ చోట నన్ను కుట్టారు.

ఇంటికి పంపేటప్పుడు డాక్టర్ తస్నీమ్ చెప్పింది. "రక్తం పలచబడే గోలీ ఒక్కరోజు కూడా ఆపొద్దమ్మా. ఆపితే ఈ కవాటం మీద రక్తం గడ్డ కడుతుంది. పిల్లలు కావాలనుకుంటే ముందు నా దగ్గరికి రా, మందు మార్చాలి. నీ అంతట నువ్వు ఏమీ చేయకు."

గంగజల తల ఊపింది. మనుషులు వినకపోయినా తల ఊపగలరని నాకు అప్పటికి తెలియదు.

నేను మూసుకున్నప్పుడల్లా టిక్కుమంటాను. బీడీలు చుట్టే ఆడవాళ్ల మధ్య ఆమె కూర్చున్న మొదటి రోజు ఎవరో అడిగారు, "ఎవ్వల గడియారం గట్ల కొట్టుకుంటున్నది?" "నా గుండెల్ది వదినా" అంది గంగజల. చేతులు కాసేపు ఆగాయి. తర్వాత అందరికీ అలవాటైపోయాను.

రెండేళ్లకు ఆమెకు నెల తప్పింది. ఆ గోలీలతో పిండానికి అవకరం వస్తుందని ఎవరో అన్నారు. అందులో కొంత నిజముంది, అదే చిక్కు. ఆసుపత్రికి పోతే కడుపు తీసేయమంటారని ఆమె భయం. ఆటో నడిపే భర్త భూమేశ్‌కు కూడా కడుపు సంగతి చెప్పలేదు. అతని ఎదురుగా గోలీ నోట్లో వేసుకుని, పెరట్లోకి వెళ్లి ఉమ్మేసేది.

మొదట నా మీద సన్నటి పొర పట్టింది. ఆ పొర గడ్డయింది. ఒక రెక్క బరువెక్కి, కదలడం మానేసింది. రక్తం నా వెనక ఆగిపోయి, ఆమె ఊపిరితిత్తుల్లో నీరు చేరుతోంది. గోడకు ఆనుకుని కూర్చుంటే తప్ప ఆమెకు నిద్ర పట్టేది కాదు. వేవిళ్ల వల్లేనని తనకు తాను చెప్పుకునేది. కాదని చెప్పడానికి నాకు గొంతు లేదు. ఉన్న ఆ ఒక్క చప్పుడూ పోయింది.

యారాలు, అంటే తోడికోడలు, లసుంబాయి ఒక పొద్దున ఆమెకు జడ వేస్తోంది. వేస్తూ వేస్తూ చేయి ఆపింది.

"జలా, నీ లోపలి చప్పుడు వినొస్తలేదేందే?"

గంగజల పైటను ఛాతీ మీదికి లాక్కుంది.

"గోలీలు ఏసుకుంటున్నవా?"

"కడుపుల ఉన్నదక్కా. పిండానికి మంచిది కాదంటే ఆపిన."

లసుంబాయి తిట్టలేదు. సగం వేసిన జడ వదిలేసి ఫోను అందుకుంది. "భూమేశూ, ఆటో తీస్కొని రా. సవారీ ఉంటే దించెయ్యి."

ఎకోలో నన్ను చూసి డాక్టర్ తస్నీమ్ పెదవి కొరుక్కుంది. గడ్డను కరిగించే మందు మెల్లగా ఎక్కిస్తామని, కరగకపోతే మళ్లీ ఆపరేషనేనని, ఎటు పోయినా తల్లికీ పిండానికీ ప్రమాదమేనని చెప్పింది.

"ముందుగాల ఆమెను బతికించుండ్రి మేడం" అన్నాడు భూమేశ్.

గంగజల ముఖం అవతలికి తిప్పుకుంది.

మందు బొట్టుబొట్టుగా దిగింది. ఊడిన ముక్క మెదడుకు చేరితే పక్షవాతం వస్తుంది. అందుకని నర్సు మాటిమాటికీ వచ్చి, "చేతులెత్తమ్మా, ఏదీ ఒకసారి నవ్వు" అనేది. మూతి వంకర పోతుందేమో చూడడానికి. నవ్వాలని ఏ కోశానా లేని మనిషి, పిండం ఉందో పోయిందో తెలియని మనిషి, అడిగినప్పుడల్లా నవ్వి చూపించింది. మరునాటికి నా రెక్క విడివడింది.

"ముందే ఎందుకు రాలేదు?" అని అడిగింది డాక్టరమ్మ.

"వస్తే తీసేయమంటరని భయమైంది."

"వస్తే దారి చూసేదాన్ని కదమ్మా."

పిండం నిలిచింది. తొలి నెలలు పొట్ట మీద సూదిమందు, తర్వాత మళ్లీ గోలీలు, కాన్పు దగ్గరపడగానే మళ్లీ సూదులు. కమిలిన మచ్చలతో నిండిన పొట్టలోంచి కొడుకు పుట్టాడు.

వాడికి నడక వచ్చాక ఒకసారి జ్వరం తగిలింది. జగిత్యాలలో పిల్లల డాక్టరు స్టెతస్కోపు పెట్టి, కాసేపు విని, "గుండెలో చిన్న మర్మర ఉంది" అన్నాడు. గంగజల పిల్లవాణ్ని దగ్గరికి లాక్కుంది. నేను టపటపా కొట్టుకున్నాను.

"నా రోగమేనా సారూ?"

"అట్లా అనలేం. ఎకో తీయిద్దాం."

కరీంనగర్‌లో తీశారు. అక్కడి డాక్టరు తెర మీద ఆమెకు చూపించాడు. "తలుపులు మంచిగ తెరుచుకుంటున్నాయి, మూసుకుంటున్నాయి. రంధ్రం లేదు. చాలామంది పిల్లలకు ఇట్లాంటి చప్పుడు ఉంటుంది. జ్వరంలో ఇంకా గట్టిగా వినిపిస్తుంది. ఇది రోగం కాదు, మందు అక్కర్లేదు."

ఆమె తల ఊపింది.

ఇంటికి వచ్చాక పిల్లవాణ్ని ఒడిలో పడుకోబెట్టి, వాడి ఛాతీకి చెవి ఆనించింది. వాడి గుండె వినబడలేదు, నేను వినబడ్డాను. ఊపిరి బిగబట్టింది. ఆమె ఊపిరి ఆపగలదు కాని, నేను ఆగకూడదు. కాస్త నెమ్మదించాలని నాకూ ఉంది. ఆ భయంలో గుండె నన్ను నెమ్మదించనివ్వలేదు.

"అక్కా, నువ్వు విను" అని యారాలిని పిలిచింది.

లసుంబాయి చేతులు తుడుచుకుని వచ్చి వంగింది. పిల్లవాడు ఆమె కొప్పు పట్టుకుని లాగాడు.

"ఉరుకుతున్నట్టు కొట్టుకుంటున్నది. మంచిగనే ఉన్నది."

"నడుమ ఇంకేమన్న చప్పుడు?"

"నాకేం ఎరుక జలా? నేనేమన్న డాక్టర్నా?"

"ఇంకోసారి విను."

లసుంబాయి కొప్పు విడిపించుకుని, మళ్లీ చెవి ఆనించింది.