డబ్బాలో వాగ్దానాలు

ఎనభై మూడులో తొలి శుక్రవారం. గల్ఫ్‌లోని సజ్జా కూలీల క్యాంపులో గోదావరి వాళ్ళ ప్రార్థన అయ్యాక ఆశీర్వాదం మేస్త్రీ బిస్కెట్ డబ్బా తెచ్చాడు. కొత్త ఏడాదికి తలా ఒక బైబిలు వాగ్దాన కార్డు తియ్యడం వాళ్ళ ఆచారం. సమూయేలుకు ఆ డబ్బా మీదే అనుమానం. లాంచీలో వస్తుంటే సొరచేప తన గొడుగు మింగి, ఒడ్డున మర్యాదగా తిరిగిచ్చిందని చెప్పే మనిషి చేతి డబ్బా మరి! అసలే, సమూయేలు ఇంకా కళ్ళతో చూడని తన కూతురికి రెండేళ్ళు నిండుతున్నాయి. ఇంటికెళ్ళడానికి సెలవడిగితే, వీసా ఇచ్చిన యజమాని కఫీల్ ఎనిమిది నెలలుగా "బుక్రా, రేపు రా" అంటూ తిప్పుతున్నాడు.

కార్డు తీశాడు. నిన్ను క్షేమంగా నీ ఇంటికి చేరుస్తానన్న దేవుడి మాట. సరిగ్గా తనకు కావలసిందే! దాంతో అనుమానం రెట్టింపై, డబ్బా లాక్కుని మంచం మీద బోర్లించాడు. అన్నిటి మీదా అదే మాట, మేస్త్రీ వంకర రాతలో.

"ఇదేం మోసమండీ బాబాయ్?"

"అచ్చు కార్డులు పోస్టులో రాలేదురా. నాకు నోటికొచ్చింది ఇదొక్కటే. అందరికీ ఇత్తే దేవుడి దగ్గర అయిపోద్దా ఏంటి?"

"నన్ను నమ్మమంటారా?"

"కఫీల్ గారి రేపుని ఎనిమిది నెలలు నమ్మావు. దేవుడి మాటకొచ్చేసరికి సోదా చేత్తావేంట్రా?"

గదంతా గొల్లున నవ్వింది. సమూయేలు తన కార్డు వెనక్కి తిప్పి, ఎక్కడైనా "బుక్రా" అని ఉందేమోనని చూశాడు. లేదు. జేబులో పెట్టుకున్నాడు. శనివారం పొద్దున్నే సెలవు కోరే కాగితంతో, కఫీల్ కంటే ముందే ఆఫీసు గుమ్మంలో నిలబడ్డాడు.