గేటు పడింది

ఫోను పెట్టేసి, స్టేషన్ మాస్టర్ చెప్పిన నంబరును రిజిస్టరులో రాసుకుని, సదానందం గేటు తిప్పే పిడి దగ్గరికి వచ్చాడు. ఇరవై రెండు చుట్లు. పదో చుట్టు దాకా తేలికగానే తిరుగుతుంది, ఆ తర్వాత భుజం వేయాలి. తొమ్మిదేళ్లుగా వేస్తున్నందువల్ల అతని కుడి భుజం ఎడమదానికంటే కొంచెం కిందికి జారి ఉంటుంది. పెళ్లిలో ఫొటోలు తీసినవాడు "అన్నా, జర సక్కగ నిలవడు" అని నాలుగుసార్లు చెప్పి, ఐదోసారి విసుగొచ్చి అట్లాగే తీసేశాడు.

ఎరుపు తెలుపు పట్టీల గొట్టాలు రెండువైపులా ఒంగాయి. ఒక ఆటో, రెండు మోటార్ సైకిళ్లు, ఎరువు బస్తాల ట్రాక్టరు ఆగాయి. ట్రాక్టరువాడు ఎప్పటిలాగే "గిప్పుడే ఎయ్యాల్నా" అన్నాడు. సదానందం ఎప్పటిలాగే ఏమీ అనలేదు. ఎర్రజెండా చుట్టి చంకలో పెట్టుకుని, పచ్చది విప్పి, పట్టాలవైపు తిరిగి నిలుచున్నాడు. బండి వచ్చింది. డ్రైవరుకు జెండా చూపించాడు. పెట్టెల కింద ఏదైనా వేలాడుతోందా, ఎక్కడైనా పొగ వస్తోందా అని కడదాకా చూసి, వెనక గార్డుకు మళ్లీ చూపించాడు. గొట్టాలు లేచాయి. జనం పోయారు. పొద్దున తొమ్మిదిన్నర.

ఆ గేటు మంచిర్యాలకు ఏడు కిలోమీటర్ల దూరంలో ఉంది. ఇవతల రెండు ఊళ్లు. అవతల పెద్దరోడ్డు, బస్సులు, దవాఖాన, బజారు. ఏ పనికైనా రెండు ఊళ్లవాళ్లు సదానందం గేటు దాటే పోవాలి. అందుకని అతను అందరికీ తెలుసు, అతనంటే అందరికీ కొంచెం కోపం కూడా. ముప్పై మూడేళ్లదాకా పెళ్లి కాకపోవడానికి అదే కారణమని అతన్ని కన్న అవ్వ రామవ్వ నమ్మకం. "పొద్దంత మందిని ఆపుతవు, పిల్లనెవ్వడిస్తడు నీకు" అనేది. అసలు కారణం అతను మాట్లాడకపోవడం. పిల్లను చూడబోయిన ప్రతిచోటా టీ తాగి, కప్పు కింద పెట్టి, "మంచిది" అని లేచేవాడు.

ఇచ్చోడ దగ్గరి పల్లెలో నవత మాత్రం ఆ "మంచిది" విని ఫక్కున నవ్వింది. వాళ్ల పెళ్లయి ఇవాళ్టికి నలభై రోజులు.

నవతకు మాటలు ఎక్కువ. వాళ్ల ఊరి పత్తి చేల సంగతి, డిగ్రీలో తనతో చదివిన పిల్లల సంగతి, కూరను 'భాజీ' అన్నందుకు అత్తమ్మ నవ్విన సంగతి, అన్నీ చెప్పేది. ఇంట్లో చెప్పడానికి వీలుండేది కాదు. రెండే గదులు, నడుమ సగం గోడ. లోపల చిన్నగా నవ్వినా ఇవతల రామవ్వ దగ్గేది. రాత్రి డ్యూటీల వారమైతే మరీ పరేషాన్. పగలంతా అతను పడుకుంటే అత్తాకోడళ్లిద్దరూ గిన్నె చప్పుడు కాకుండా వంట చేసేవాళ్లు. అతను లేచేసరికి ఆమెకు నిద్ర వచ్చేది.

అందుకే గేటు దగ్గర బాగుండేది. పగటి డ్యూటీ ఉంటే పదకొండింటికి టిఫిన్ డబ్బా పట్టుకుని కిలోమీటరు నడిచి వచ్చేది. గేటు గది లోపలికి బయటివాళ్లు రాకూడదు కాబట్టి వేపచెట్టు కింద చెక్కబల్ల మీద కూర్చునేది. బండికీ బండికీ నడుమ పావుగంట దొరికితే గొప్ప. సరిగ్గా ముచ్చట రుచిమీద ఉన్నప్పుడే లోపల ఫోను మోగేది. "ఆగు, బండి" అని లేచిపోయేవాడు. ఆమె నోటిదగ్గరి మాటను అక్కడే ఆపేసి, గార్డు పెట్టె దాటగానే సరిగ్గా ఆ మాట దగ్గరినుంచే మళ్లీ మొదలుపెట్టేది. ఒక్క అక్షరం తప్పిపోయేది కాదు. అది అతనికి ఎంత ఇష్టమో చెప్పాలని చాలాసార్లు అనుకున్నాడు. చెప్పలేదు.

గడిచిన నాలుగు రోజులుగా ఆమె రావడం లేదు.

ఆదివారం కొండగట్టు పోదామన్నది అతనే. పెళ్లయ్యాక ఇద్దరూ కలిసి ఎక్కడికీ పోలేదు. నవత చీకటితోనే లేచి తలస్నానం చేసి, పులిహోర కలిపి, రిసెప్షన్‌నాటి ఆకుపచ్చ చీర కట్టుకుంది. ఆరింటికి అతని జోడు గేట్‌మన్ అంతయ్య ఫోన్ చేశాడు. బిడ్డకు జ్వరం, ఈ ఒక్కరోజు తన బదులు చేయమన్నాడు. సదానందం "వస్తా" అన్నాడు. ఫోను జేబులో పెట్టుకుని భార్యవైపు తిరిగి, "డ్యూటీ పడ్డది" అన్నాడు. ఆమె తర్వాతి మాట కోసం చూసింది. అతను యూనిఫాం వేసుకుని వెళ్లిపోయాడు. నవత చీర విప్పి మడతపెట్టి, పులిహోర పక్కింటివాళ్లకు పంచింది.

అప్పటినుంచి అతనితో సూటిగా మాట్లాడటం మానేసింది.

"అత్తమ్మా, మీ కొడుకు అన్నం తింటరా, అడుగుండ్రి."

అతను మూడు అడుగుల దూరంలో పీట మీద కూర్చునే ఉండేవాడు.

"తింటవారా?" అనేది రామవ్వ.

"తింట."

"తింటడట బిడ్డా."

మొదటిరోజు రామవ్వకు సరదాగానే ఉంది. మూడోరోజుకు విసుగొచ్చింది. "నేను మీ ఇద్దరికి టేషన్ మాస్టర్ లెక్క అయిన. నాతోని కాదు" అని గిన్నె వాళ్ల మధ్య పెట్టి బయటికి పోయింది. ఆ పూట ఇద్దరూ గిన్నెవైపు చూస్తూ తిన్నారు.

రేపు అమావాస్య. ఎల్లుండినుంచి ఆషాఢం. కొత్త కోడలు, అత్త ఒకే గడప దాటకూడదు కాబట్టి నవత నెలరోజులు పుట్టింట్లో ఉండాలి. తీసుకుపోవడానికి వాళ్ల బాపు రాయమల్లు నిన్న సాయంత్రమే వచ్చాడు. రెండూ నలభైకి నిర్మల్ బస్సు. సదానందం డ్యూటీ రెండింటికి అయిపోతుంది. పరుగున ఇంటికి పోయి, వాళ్లతోపాటే బస్టాండుదాకా వెళ్లి, బస్సు ఎక్కేముందు చెప్పేద్దామనుకున్నాడు. ఏం చెప్పాలో పొద్దున ఆరునుంచీ కూర్చుకుంటూనే ఉన్నాడు. మూడు వాక్యాలు సిద్ధమయ్యాయి. మూడోది అంతగా కుదరలేదు.

రెండయింది. అంతయ్య రాలేదు. రెండూ అయిదుకు ఫోన్ వచ్చింది. "అన్నా, బిడ్డకు మళ్ల జరం ఎక్కువైంది. దవాఖానల ఉన్న. ఒక్క గంట ఆగరాదె."

"మంచిది" అన్నాడు సదానందం. ఫోను పెట్టేశాక దాన్నే చూస్తూ నిలబడ్డాడు. గేటు వదిలి పోవడానికి లేదు. ఇంటికి చేద్దామంటే, ఆమె ఫోను తీసి అవ్వ చేతికిస్తుంది.

రెండూ పదికి స్టేషన్ నుంచి కబురు. గూడ్సు వస్తోంది, గేటు వేయాలి. పిడి పట్టుకున్నప్పుడు ఊరి మలుపు దగ్గర ఆటో కనబడింది. పైన కట్టిన ఎర్ర సంచి, పక్కన రాయమల్లు తలకు చుట్టిన తెల్ల రుమాలు. ఒక్క నిమిషం ఆగితే ఆటో దాటిపోతుంది. సదానందం తిప్పాడు. ఎప్పటిలాగే తిప్పాడో, కొంచెం గట్టిగా తిప్పాడో అతనికే తెలియదు. ఆటో వచ్చి గొట్టం ముందు ఆగింది, దాని వెనకే పొద్దటి ట్రాక్టరు.

రాయమల్లు దిగాడు. "అల్లుడా, డ్యూటీ అయిపోలేదా?"

"ఇంకో గంట పడతది మామా."

రాయమల్లు అల్లుణ్ని చూశాడు, ఆటోలో అటువైపు తిరిగి కూర్చున్న కూతుర్ని చూశాడు. "నేను జర బీడీ తాగొస్త" అని ట్రాక్టరు వెనక్కి నడిచాడు. కొంతసేపటికి నవత దిగింది. వచ్చి చెక్కబల్ల పక్కన నిలబడింది, కూర్చోలేదు.

అంతలో బండి రానే వచ్చింది. యాభై ఎనిమిది బొగ్గు పెట్టెలు. నేల అదురుతోంది. అతను ముఖం తిప్పకూడదు, పెట్టెలవైపే చూడాలి. పట్టాలవైపు చూస్తూనే మాట్లాడటం మొదలుపెట్టాడు. సిద్ధం చేసుకున్న మొదటి వాక్యం చక్రాల కింద పడి పోయింది. ఆమె దగ్గరికి జరిగి చెవి ఒగ్గింది. అతను గొంతు పెంచాడు. రెండోదీ వినబడలేదు. గార్డుకు జెండా చూపిస్తూ, ఉన్న బలమంతా పెట్టి అరిచాడు. అప్పటికి ఆఖరి పెట్టె దాటిపోయింది.

"నిన్ను అడగకుంట ఒప్పుకున్న, తప్పు నాదే."

గేటుకు రెండువైపులా ఉన్నవాళ్లందరూ అతనివైపే చూస్తున్నారు. తొమ్మిదేళ్లలో అతని గొంతు విన్నవాళ్లు వాళ్లలో ఇద్దరో ముగ్గురో ఉంటారు.

"ఒప్పుకున్నడు గదా చెల్లె" అన్నాడు ట్రాక్టరువాడు. "మాట్లాడు ఇగ."

నవత చున్నీ నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందేమోనని సదానందం భయపడ్డాడు. నవ్వుతోంది.

లోపల ఫోను మోగింది. అతను పోయి, విని, రాసుకుని బయటికొచ్చాడు. "ఇంకో బండి ఉన్నది. పాసింజర్. ఆరు నిమిషాలు" అని జనానికి చెప్పాడు. అందరూ ఒక్కసారి ఉసూరుమన్నారు. నవత బల్లమీద కూర్చుంది.

"డ్యూటీకి పోయినందుకు కాదు నా కోపం" అంది పట్టాలవైపు చూస్తూ. "అంతయ్యన్న బిడ్డకు జరమొచ్చిందని నాకు చెప్తే నేనే పొమ్మందును. అత్తమ్మ చెప్తే తెల్సింది నాకు. నువ్వు డ్యూటీ పడ్డదని లేచి పోయినవు."

నలభై రోజుల్లో ఆమె అతన్ని 'నువ్వు' అనడం అదే మొదలు.

"నాకు మాటలు ఎన్కనుంచి వస్తయి" అన్నాడు. "నువ్వు డబ్బా తీస్కోని ఇంటికి పోయినంక అన్ని యాదికొస్తయి."

"అయితే ఫోన్ల చెప్పు. దినాం చెయ్యాలె. ఏ బండి పోయింది, ఏం తిన్నవు, అత్తమ్మ ఏమన్నది, అన్ని బరాబర్ చెప్పాలె."

"మంచిది" అన్నాడు. అనేశాక, అది చాలదని తోచి ఆగాడు. "నిన్న నువ్వు బట్టలు సదురుతుంటే అవ్వ పెరట్ల కూసోని ఏడ్చింది. నీకు చెప్పొద్దన్నది."

నవత తల తిప్పి చూసింది. "ఏమని?"

"నెలరోజులు తానెవ్వరితోని మాట్లాడాలె అన్నది. నాతోని మాట్లాడితే గోడతోని మాట్లాడినట్టేనట."

ఆమె మళ్లీ నవ్వింది కానీ, ఈసారి చున్నీతో కళ్లు తుడుచుకుంది. "డ్యూటీ అయినంక ఇంటికి పోయి అత్తమ్మ పక్కన జరసేపు కూసో. ఏం మాట్లాడకున్నా మంచిదే. ఇంకో ముచ్చట..." అంటూ ఆగి, తలెత్తి దూరంగా చూసింది. "ఆగు, బండి" అంది.

అతను జెండాలు తీసుకుని లేచాడు. పాసింజర్ వచ్చింది, కిటికీల నిండా ముఖాలతో దాటిపోయింది. ఆమె బల్లమీదినుంచి లేచి చున్నీ సర్దుకుంది. ఆగిపోయిన ముచ్చట మొదలుపెడుతుందేమోనని అతను చూశాడు.

"అది ఫోన్ల చెప్త" అంది. "గేటు తియ్యి. బస్సు పోతది."

సదానందం పిడి పట్టుకున్నాడు. ఇరవై రెండు చుట్లు. రాయమల్లు బీడీ పారేసి వచ్చి, "పోయొస్తం అల్లుడా" అని ఆటో ఎక్కాడు. నవత పక్కనుంచి తల బయటికి పెట్టి చూస్తూనే ఉంది. వెనకే దాటిన ట్రాక్టరు అడ్డం వచ్చింది. అది పెద్దరోడ్డు ఎక్కి పక్కకు జరిగేసరికి ఆటో లేదు.

మూడున్నరకు అంతయ్య వచ్చాడు. బిడ్డకు జ్వరం తగ్గుముఖం పట్టిందట. సదానందం ఇంటికి చేరేసరికి రామవ్వ గడపలో గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. కూర్చున్నచోటినుంచే అడిగింది.

"పోయిండ్రా?"

"పోయిండ్రు" అని చెప్పులు విడిచి లోపలికి పోబోయి, మళ్లీ వెనక్కి వచ్చి ఆమె పక్కన కూర్చున్నాడు. "ఫోన్ చేసింది. ఆటో గట్టిగ నడిపిండట, బస్సు దొరికింది. కిటికీ పక్కన సీటు. లక్సెట్టిపేట దాటిండ్రట. నిన్ను గోలీలు మర్వకుంట ఏసుకోమన్నది."

రామవ్వ కొడుకు ముఖంలోకి వింతగా చూసింది. కాసేపు ఇద్దరూ అట్లాగే కూర్చున్నారు. తర్వాత ఆమె మోకాళ్ల మీద చేతులు పెట్టి లేవబోయింది.

"నువ్వు కూసో అవ్వా. చాయ్ నేను పెడత."

పొయ్యి మీద పాలు పెట్టి, అలమరలోంచి చాయ్‌పత్తా ప్యాకెట్ తీశాడు. దాని మూతిని రెండు మడతలు మడిచి, నవత తన తలక్లిప్పు పెట్టి ఉంచింది. నల్లది, అంచున ఒక పన్ను విరిగింది. అతను క్లిప్పు తీసి రెండు చెంచాల పత్తా వేశాడు. చాయ్ పొంగేలోపల ప్యాకెట్ మూతిని ఆమె మడిచినట్టే రెండు మడతలు మడిచి క్లిప్పు మళ్లీ పెట్టాడు. విరిగిన పన్ను దగ్గర పొడుగాటి వెంట్రుక ఒకటి చుట్టుకుని ఉంది. దాన్ని అట్లాగే ఉండనిచ్చాడు.