పుట్ట బంగారం

రహ్మాన్‌ను దోమలు కుట్టడం మానేసి నెల దాటింది.

ఈ సంగతి ముందు కనిపెట్టింది అతని భార్య మున్నవర్ బేగం. సాయంత్రం పూట ఇద్దరూ గడప ముందు కూర్చుంటే ఆమె కాళ్ళూ చేతులూ చరుచుకుంటూనే ఉండేది. పక్కన ఆయనగారు బనీను మీద నిమ్మళంగా చాయ్ తాగుతుండేవాడు. "క్యాజీ, మీ నెత్తురు దోమలకు పసంద్ లేదా?" అని మొదట్లో నవ్వింది. ఒకరోజు ఆయన మోచేతి మీద వాలబోయిన దోమ జానెడు దూరంలో ఆగి పక్కకు తిరిగిపోవడం కళ్ళారా చూసింది. ఆ రోజు నవ్వలేదు. మర్నాటి నుంచి ఆయన బట్టలు వేరే బకెట్లో ఉతకడం మొదలుపెట్టింది.

రహ్మాన్ భూపాలపల్లిలో ఒక కాలనీకి మాలి. గనుల్లో పనిచేసి రిటైరైన వాళ్ళు ప్లాట్లు కొనుక్కొని ఇండ్లు కట్టుకున్న కాలనీ అది. నడుమ ఎకరం పచ్చిక, చుట్టూ సిమెంటు బాట, తూర్పు మూలన నడుమెత్తు పుట్ట. పంపు పక్కన ఉన్న రేకుల గది రహ్మాన్‌కు ఇచ్చారు. పదహారేళ్ళుగా అదే ఇల్లు. పని పోతే ఇల్లూ పోతుందని అతనికి ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు.

కాలనీ కమిటీకి పెద్ద సంజీవ. గనిలో కూలీల మీద ఓవర్‌మన్‌గా చేసి దిగినవాడు. చెడ్డవాడని అనలేం గానీ, పచ్చిక విషయానికొస్తే మనిషికి పూనకమే. "నలభై ఏండ్లు బొగ్గు నలుపే చూసిన రహ్మాన్. గిప్పుడన్న కంటికి పచ్చగ కనవడనియ్యి" అనేవాడు. గడ్డిలో ఇంకో మొక్క తల ఎత్తితే కలుపు మందు. వేరుకు పురుగు పడితే గుళికలు. ఆకు మీద మచ్చ కనబడితే పిచికారీ. డబ్బా మీద పుర్రె బొమ్మ ఎంత పెద్దగా ఉంటే మందు అంత మంచిదని ఆయన నమ్మకం. రహ్మాన్ కొడుతూనే పోయాడు. అదే చేత్తో అన్నం తిన్నాడు.

జనగామ నుంచి వచ్చిన చుట్టాలు ఆ పచ్చికను చూసి ముక్కున వేలేసుకునేవారు. నిజంగానే అంత పచ్చదనం ఎక్కడా ఉండదు. కానీ పైన పటారం, లోన లొటారం. దాని మీద మిడత ఎగరదు. గోరింకలు గోడ మీద వరకు వచ్చి అక్కడే ఆగిపోతాయి. వాన పడి వెలిసినా కప్ప అరవదు. ఎవరి పిల్లో తింటూ జారవిడిచిన లడ్డు ముక్క మూడు రోజులు అక్కడే పడి ఎండింది, ఒక్క చీమ దాన్ని తాకితే ఒట్టు. రహ్మాన్ నాలుగో రోజు దాన్ని తీసి పారేశాడు. 

ఆషాఢంలో సంజీవ ఇంట్లో పూజ చేసుకునే దేవునర్ర దర్వాజకు చెదలు పట్టింది. టేకు చెక్క, లోపల పిండి పిండి అయిపోయింది. ఆయన చెదల బాట వెంబడి వచ్చి పుట్ట దగ్గర ఆగాడు. రహ్మాన్‌ను పిలిపించాడు.

"గిండ్ల మందు పొయ్యి."

"సార్, ఇది మీ ఆడోళ్ళు పాలు పోసే పుట్ట."

"నాగుల పంచమికి ఇంక ఇరవై దినాలున్నది. వానలకు అంత కొట్కపోతది. ఈ ముచ్చట నీకు నాకు తప్ప మూడో చెవిన పడొద్దు."

ఆ పుట్టంటే రహ్మాన్‌కు గౌరవమే. ప్రతి పంచమికీ పొద్దున్నే బాట ఊడ్చి, నీళ్ళు చల్లి, ఆడవాళ్ళు పళ్ళేలతో వచ్చే వేళకు చీపురు పట్టుకుని తప్పుకునేవాడు. వాళ్ళ పూజ వాళ్ళది, నడుమ మనమెందుకు అన్నది అతని మర్యాద. పుట్టలో పాలు పోస్తారని తెలుసు. ఆ తర్వాత ఏం చేస్తారో పదహారేళ్ళలో ఒక్కసారీ చూడలేదు. ఆ మర్యాదే కొంప ముంచింది.

మిట్టమధ్యాహ్నం, అందరూ కునుకు తీసే వేళ, రెండు డబ్బాలు తెచ్చి పుట్ట నోట్లో వంచాడు. మొదటి డబ్బాను పుట్ట చప్పుడు లేకుండా తాగింది. రెండోది సగమయ్యేసరికి లోపల్నుంచి వెచ్చని గాలి వచ్చి ముఖానికి తగిలింది. ఆ వెంటనే సరసర చప్పుడు, మట్టి కింద వేల కాళ్ళు ఒక్కసారి లేచినట్టు. రహ్మాన్ వెనక్కి జరిగాడు. చప్పుడు కాసేపు సాగింది. ఉన్నట్టుండి ఆగింది. చప్పుడుకు బెదరని మనిషి అది ఆగిపోయినందుకు బెదిరాడు. "యా అల్లా" అనుకుంటూ డబ్బాలు ఎత్తుకుని గబగబా నడిచాడు.

తెల్లారి చూస్తే సిమెంటు బాట నిండా వానపాములు. వందలు. అన్నీ గేటు వైపే తల పెట్టి పాకుతూ పాకుతూ ఉన్నచోటనే ఎండిపోయి ఉన్నాయి. కాలనీ ఖాళీ చేసి పోతున్న మంద దారిలో పడిపోయినట్టుంది. రహ్మాన్ వాటిని గంపలోకి ఊడుస్తుంటే ఓదెమ్మ వచ్చి నిలబడింది. గనిలో పనిచేసి పోయినాయన పెండ్లాం, డెబ్భై దాటిన ముసలమ్మ, కాలనీలో ఏ పూజైనా ఆమె చేతి మీదే నడవాలి.

"ఇవేంది కొడుకా?"

"వానకు బయటికొచ్చినయి అవ్వా."

ఓదెమ్మ ఆకాశం వైపు చూసింది. వారం నుంచి చినుకు లేదు. గంపలోకి ఒకసారి చూసి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం మున్నవర్ బేగం గడపకు అడ్డంగా నిలబడింది. "ఈ వాసనతో ఇంట్లకు రాకున్రి. మా తమ్ముని దగ్గరికి పోయి రాండ్రి. వచ్చినంక మాట్లాడుదాం." చెప్పేది సగం దక్కనీ, సగం తెలుగు. కోపం మాత్రం పూర్తిగా ఆమెదే.

తమ్ముడు కైసర్‌ది తరిగొప్పుల. పత్తి రైతు. మూడేళ్ళ కింద మందు కొడుతూ కొడుతూ చేన్లోనే పడిపోతే ఎత్తుకుపోయి దవాఖానలో వేశారు. బతికి వచ్చినప్పటి నుంచి మందు డబ్బా ముట్టలేదు. "దుల్హేభాయ్, పురుగును సంపుతున్నమనుకుంటం గని, అది ఎవర్ని ముందు తీస్కపోతదో మన చేతుల లేదు" అన్నాడు బావతో. వేప గింజలు దంచి, గుడ్డలో మూట కట్టి, నీళ్ళలో నానేసి, తెల్లారి పిసికి వడకట్టి, జర సబ్బు నీళ్ళు కలిపి కొట్టడం చూపించాడు. ఆకుకు పట్టిన చీడకు పచ్చిమిరప, వెల్లుల్లి రసం. కలుపుకు మందు లేదు, కూర్చుని చేత్తో పీకడమే. "ఒక్కరోజుల ఏం కాదు. నెమ్మదిగ ఐతది" అని ఒక సంచెడు గింజలు ఇచ్చి పంపాడు.

రహ్మాన్ తిరిగొచ్చి అదే పని చేశాడు. పిచికారీ పంపులో మందుకు బదులు వేప కషాయం పోశాడు. ఎవరికీ చెప్పలేదు. పది రోజులకు పచ్చిక అక్కడక్కడ పసుపు తిరిగింది, గరికలో తుంగ తల ఎత్తింది. ఒక పొద్దున పడమటి అంచున ఒక చీమ కనబడింది. ఒకే ఒక్కటి. మొగుడూ పెళ్ళాలు ఇద్దరూ గొంతుక్కూర్చుని దాన్ని చూశారు. పుట్ట వైపు మాత్రం ఏమీ కదల్లేదు. అక్కడ పోసింది అక్కడే ఉంది. వానలు మొహం చాటేశాయి.

పండుగ ముందు రోజు సంజీవ పంపు మూత తీసి వాసన చూశాడు. "వేప నీళ్ళు కొడుతున్నవారా? నా గడ్డికి కామెర్లు తెచ్చినవ్ గదా. రేపు పండుగ కానియ్యి. ఎల్లుండి మందు కొట్టకపోతే నీ జాగల ఇంకోడొస్తడు, గది ఖాళీ చెయ్యి." రహ్మాన్ తల ఊపాడు. ఇంకేం చేస్తాడు పాపం, ఎంత చెట్టుకు అంత గాలి.

పంచమి పొద్దున ఎప్పట్లాగే బాట ఊడ్చి తప్పుకోబోయాడు. ఓదెమ్మ ఆపింది. "నల్లా ఖరాబైంది కొడుకా. పైపు గుంజుకొచ్చి జర నీళ్ళు పట్టు, పిల్లలు కాళ్ళు కడుక్కుంటరు." కాదనలేక పైపు పట్టుకుని పుట్టకు పది అడుగుల్లో నిలబడ్డాడు. అవతల బెంచీ మీద సంజీవ పేపరు చదువుకుంటున్నాడు.

ఆడవాళ్ళు పసుపు, కుంకుమ వేశారు. జొన్న పేలాలు, బెల్లం పెట్టారు. ఓదెమ్మ చెంబు వంచింది. పాలు పుట్ట నోటి దాకా వచ్చి నిలిచిపోయాయి. లోపలికి పోలేదు. ఇంకో చెంబు పోశారు. అంచుల మీదుగా పొర్లాయి గానీ దిగలేదు. ఏటా ఏడు చెంబులు తాగే పుట్ట. తెల్లగా, కదలకుండా, పొర కమ్మిన కన్నులా ఉంది.  రహ్మాన్ బెల్లం వైపు చూశాడు. అంత పాలు, అంత బెల్లం, ఒక్క ఈగ వాలలేదు.

"నాగన్న తాగుతలేడు" అంది ఓదెమ్మ మెల్లగా. "ఏం తప్పు జరిగిందో. పిల్లల్ని రమ్మనున్రి, బంగారం పెడుత."

బంగారం ఏమిటా అనుకున్నాడు రహ్మాన్. ఓదెమ్మ పుట్ట నోటి దగ్గరి మట్టిని పిడికెడు పెళ్ళగించింది. పొర్లిన పాలలోనే తడిపింది. మొదటి పిల్లను దగ్గరికి లాక్కుని ఆ తడి మట్టి రెండు చెవులకూ పూసి, గొంతు మీద బొట్టు పెట్టింది. పుట్టమన్నునే పుట్ట బంగారమంటారు. చెవులకు పెడితే చెవిపోటు రాదని, పామూ పురుగూ దరికి రావని తాతముత్తాతల నాటి నమ్మకం. కాలనీలో ప్రతి తల్లికీ తెలుసు. తెలియంది రహ్మాన్‌కే.

రహ్మాన్ చూస్తుండగానే రెండో పిల్ల, మూడో పిల్లగాడు. చెప్పాలి. చెబితే ఏమవుతుంది? వీళ్ళ దేవుని నోట్లో విషం పోసింది రహ్మాన్ అంటారు. గది మాట అటుంచు, ఊళ్ళో నిలువనిస్తారా? నాలుగో పిల్ల. ఐదు.  పదిమంది అయ్యారు. పైపులోంచి నీళ్ళు కాళ్ళ మీద పడుతున్నా తెలియలేదు.

అప్పుడు వచ్చింది సంజీవ కోడలు కమల, నాలుగేళ్ళ రిషితను చంకనెత్తుకుని. "మామ తీస్కపోవద్దన్నడు అవ్వా, జలుబైందని. ఒక్కతే ఇంట్ల ఉండి ఏడుస్తాంటే తోల్కొచ్చిన" అంది. ఓదెమ్మ నవ్వి, రిషిత చెవులకు కూడా పూసింది. ఆ పిల్ల చల్లగా ఉందని కిలకిల నవ్వింది.

"అవ్వా, ఆగు" అన్నాడు రహ్మాన్.  "ఎవ్వరు ముట్టకున్రి."

అంతే అన్నాడు. అందరూ ఇటు తిరిగారు. ఏంది, ఎందుకు అని అడగబోయేలోపే బెంచీ మీదినుంచి సంజీవ పరుగెత్తుకొచ్చాడు. చెప్పులు దారిలోనే ఊడిపోయాయి. మనవరాలిని గుంజుకున్నాడు, రహ్మాన్ చేతిలోని పైపు లాక్కున్నాడు, తెల్ల చొక్కా అంచుతో ఆ పిల్ల చెవులు రుద్దుతున్నాడు. "సబ్బు తేండ్రి, సబ్బు" అంటున్నాడు. పిల్ల బిక్కచచ్చి ఏడుపు అందుకుంది.

"పుట్టల మందు పోసిన అవ్వా" అన్నాడు రహ్మాన్ అప్పుడు. "నేనే పోసిన. ఇరవై దినాలైంది. మీరు మన్ను పెట్టుకుంటరని నాకు తెల్వదు. అల్లా మీద ఆన, తెల్వదు."

ఎవరూ అతన్ని తిట్టలేదు. ఎవరూ అతని వైపు చూడనే లేదు. అందరి కళ్ళూ సంజీవ చేతుల మీద ఉన్నాయి. రహ్మాన్ మందు మాట ఎత్తకముందే కడగడం మొదలుపెట్టిన చేతులవి.

కమల ముఖం తెల్లగా పాలిపోయింది. "దీనికి జలుబు లేదు మామా" అంది.

సంజీవ రుద్దడం ఆపాడు. పుట్ట చుట్టూ పదిమంది పిల్లలు, ఇరవై చెవులకు తడి మట్టి, ఏం జరుగుతోందో తెలియక నిలబడి ఉన్నారు. పొద్దున్నుంచీ ఆయన వాళ్ళందరినీ చూస్తూనే పేపరు తిప్పాడు.

"ఏం సంజీవా" అంది ఓదెమ్మ. సార్ అనే పిలుపు ఆ రోజుతో పోయింది. "వీళ్ళవి చెవులు గావా?"

సంజీవ వంగి, పక్కనున్న పిల్లగాడి వైపు చెయ్యి చాచాడు. ఆ పిల్లగాడి తల్లి బిడ్డను వెనక్కి లాక్కుంది. ఇంకో పిల్ల వైపు చాచాడు. ఆ తల్లీ లాక్కుంది. చాచిన చెయ్యి అలాగే ఉండిపోయింది.

"నువ్వేం మంచోనివని గాదు" అని ఓదెమ్మ రహ్మాన్ వైపు తిరిగింది. కళ్ళనిండా నీళ్ళు, గొంతులో మాత్రం తడి లేదు. "పోసింది నీ చెయ్యే. కడుగు. కడిగినంక అందర్ని దవాఖానకు తీస్కపోదాం."

మున్నవర్ బేగం సబ్బుతో ఉరికొచ్చింది. రహ్మాన్ పైపు అందుకుని మోకాళ్ళ మీద కూర్చున్నాడు. తల్లులు పిల్లల్ని ఒకరి వెనక ఒకరిని నిలబెట్టారు. అతను ఒక్కొక్క చెవినీ సబ్బుతో కడుగుతున్నాడు, భార్య నీళ్ళు పడుతోంది. కమల మామ చేతుల్లోంచి రిషితను తీసుకుంది, ఆయన ముఖం వైపు చూడకుండా నడిచి వచ్చి, ఆ పిల్లను వరుసలో చివరన నిలబెట్టింది.