రెండో దెబ్బ

మా అమ్మాయి తేజస్వినినీ, దాని నాలుగేళ్ళ కొడుకునీ చంపినవాడికి ఎల్బీనగర్ కోర్టులో ఉరిశిక్ష పడిన రోజున మా వీధిలో టపాసులు కాల్చింది జైపాల్.

నేను కాల్చమనలేదు. వద్దనీ అనలేదు. మన్సూరాబాద్‌లో మా ఎదురిల్లే అతనిది. వీధి మొదట్లో వాటర్ ప్లాంట్ నడిపేవాడు. మాది తణుకు దగ్గర. మా ఆయన జోగారావుగారు దిల్‌సుఖ్‌నగర్‌లో బ్యాంకు పరీక్షలకి రీజనింగ్ చెబుతారు. వచ్చి ముప్పై ఏళ్ళయినా, ఆపదొస్తే పిలవడానికి ఇక్కడ మాకంటూ ఎవరూ లేరు. అమ్మాయి పోయాక మూడేళ్ళపాటు ప్రతి వాయిదాకీ మమ్మల్ని తన కారులో కోర్టుకి తీసుకెళ్ళింది జైపాలే. ‘హంతకుణ్ణి ఉరి తీయాలి’ అని ఫ్లెక్సీ కట్టించాడు. దాని మీద మనవడి ఫొటో పెద్దది వేయించాడు. అది చూడలేక నేను ఆర్నెల్లు వెనక గుమ్మంలోంచి తిరిగాను. ఆ సంగతి అతనికి చెప్పలేదు. మంచికే చేశాడు గదా అనుకున్నాను.

చంపినవాడు ఏసీ మెకానిక్. కొత్తపేటలో అమ్మాయి ఫ్లాట్‌కి ఏసీ బాగుచెయ్యడానికి ఒకరోజు వచ్చాడు. అల్లుడు పగలు ఇంట్లో ఉండడని కనిపెట్టి మర్నాడు మళ్ళీ వచ్చాడు. గొలుసు కోసం, గాజుల కోసం. అంతకంటే నేను చెప్పలేను.

విచారణలో ఒక సంగతి బయటపడింది. వాడు అంతకు ఏడాది ముందు నాదర్‌గుల్ వైపు ఒక ముసలావిడ చేతులు కట్టేసి గొలుసు తెంచుకుపోయాడు. ఆవిడ కొడుకు పోలీసుల దగ్గరికి వెళ్తే కాయితం తీసుకున్నారు గానీ కేసు కట్టలేదు. మా తరఫున చూస్తున్న లాయరు పట్టాభిగారు ఓ రోజు కోర్టు బయట టీ తాగుతూ అన్నారు.

“జోగారావుగారూ, వీళ్ళెవరూ శిక్ష ఎంత పడుతుందని లెక్కేసుకోరండీ. దొరకమనుకుంటారు, అంతే. ఆ మొదటిసారే పట్టుకుని నాలుగేళ్ళు లోపల పెట్టుంటే మీ అమ్మాయి బతికుండేది. ఉరికి భయపడేవాడు ఇరవయ్యేళ్ళ జైలుకి మాత్రం భయపడడా?”

మా ఆయనకి ఆ మాట నచ్చలేదు. “ఒకడు వేలాడితే పదిమంది ఆగుతారండీ,” అన్నారు. ఆయన అది మనస్ఫూర్తిగా నమ్మారు. బ్యాంకు పరీక్షల్లో ఓ ప్రశ్న వస్తుందట. మరణశిక్ష రద్దు చెయ్యాలా అని అడిగి, రెండు వాదనలిచ్చి, ఏది బలమైనదో చెప్పమంటారట. ‘చెయ్యకూడదు, నేరస్థుల్లో భయం పోతుంది’ అన్నదే బలమైన వాదనని ఎన్నో ఏళ్ళుగా పిల్లలకి చెబుతున్నారు.

పక్కనే ఉన్న జైపాల్ తలూపాడు. “కరెక్ట్ సార్. భయముండాలె. భయం లేకనే గిట్ల అయితున్నది.”

తీర్పు చెప్పినప్పుడు కోర్టు హాల్లో అతను మా ఆయన భుజం పట్టుకుని ఏడ్చాడు. బయటికొచ్చాక టీవీవాళ్ళ మైకుల ముందు మా ఆయనకి నోట మాట రాకపోతే, తనే మాట్లాడాడు. “గిది చూసినంక ఎవడన్న మనిషి మీద చెయ్యి ఎత్తాలంటే వణకాలె,” అన్నాడు. సాయంత్రం దాకా అదే చూపించారు.

తర్వాత ఏడు నెలలకి జైపాల్ తన తమ్ముణ్ణి చంపేశాడు.

వాళ్ళ నాన్న సిద్దిరాములు ఇంటిని అన్నదమ్ములిద్దరికీ చెరిసగం పంచి పోయాడు. రెండు వాటాలకీ మధ్య మూడడుగుల సందు ఇద్దరిదీ. తమ్ముడు సతీష్ పైన ఓ గది వేసి కిరాయికి ఇద్దామని ఆ సందులో మెట్లు కట్టడం మొదలుపెట్టాడు. పదిహేను రోజులు గొడవ నడిచింది. పెద్దమనుషులు కూర్చున్నారు, లేచారు. మెట్లు మాత్రం రోజుకి రెండు చొప్పున పైకి లేస్తూనే ఉన్నాయి.

ఆ రోజు పొద్దున్న తొమ్మిదిన్నర. మేస్త్రీ ఇంకా రాలేదు. నేను మా బాల్కనీలో బట్టలు తీస్తున్నాను.

“మెట్లు తీయి సతీష్,” అన్నాడు జైపాల్.

“తియ్య. ఏం జేస్కుంటవో జేస్కో.”

“సందు ఇద్దరిదని నాయన చెప్పిండా, లేదా?”

“నాయన ఉన్నన్ని దినాలు నీ మాటే ఇన్నడు. ఇంక గీ మూడడుగులు గూడ నీకే కావాల్నా?”

గోడకి మేస్త్రీ గడ్డపార ఆనించి ఉంది. జైపాల్ అది తీసి కొట్టాడు. సతీష్ ఆ పచ్చి మెట్ల మీదే కూలబడ్డాడు. తల మీద చెయ్యి పెట్టుకుని, పైకి చూసి, “అన్నా” అన్నాడు. కోపంగా కాదు. చిన్నప్పుడు పిలిచినట్టే పిలిచాడు. అక్కడితో ఆగుతాడనుకున్నాను. జైపాల్ అతని ముఖంలోకి చూశాడు. చూసే మళ్ళీ ఎత్తి కొట్టాడు.

జరిగిందంతా మొదటినించీ చివరిదాకా చూసింది వీధిలో నేనొక్కదాన్నే. పోలీసులు నా పేరు సాక్షిగా రాసుకున్నారు.

పెద్దకర్మ అయిన మర్నాడు సతీష్ భార్య శ్రీకళ వచ్చింది. కుర్చీ వేస్తే కూర్చోలేదు. “అమ్మా, మీ బిడ్డ కోసం మీరు కొట్లాడిండ్రు. గా లాయర్ సార్ నంబర్ ఇయ్యుండ్రి. మా బావకు గూడ ఉరే పడాలె. మీకైతే తెలుస్తది నా బాధ.”

నంబరు ఇచ్చాను. ఇవ్వనని ఏ ముఖం పెట్టుకుని అనను?

ఆ వారంలోనే జైపాల్ భార్య ప్రసన్న వచ్చింది. ఆమె నేల మీద కూర్చుంది. “మూడేండ్లు మీ ఎంబడి తిరిగిండు గదమ్మా. ఒక్క వాయిద తప్పిండా? మీరు అబద్ధం చెప్పొద్దు. ఒక్క దెబ్బ కొట్టిండని చెప్పుండ్రి, చాలు. ఒక్కటయితే కోపంల అయిందంటరంట. రెండోది చెప్తె ఖూనీ అంటరంట.”

ఆమె వెళ్ళాక మా ఆయన్ని అడిగాను, ఏం చెప్పమంటారని.

“చూసింది చెప్పు,” అన్నారు. మళ్ళీ తనే, “చెప్పకపోయినా నేనేమీ అనను,” అన్నారు.

మా అమ్మాయి కేసు నడిచినన్నాళ్ళూ ఆయన నోట ఇలాంటి మాట నేను వినలేదు.

కేసు విచారణకి రావడానికి ఏడాదిన్నర పట్టింది. మళ్ళీ అదే కోర్టు, అదే వరండా. ఈసారి ఆటోలో వెళ్ళాం. మేం కూర్చునే బల్ల మీద ఎవరో కొత్తావిడ ప్లాస్టిక్ సంచిలో కాయితాలు పెట్టుకుని కూర్చుని ఉంది. అబ్దుల్లాపూర్‌మెట్ నించి వచ్చిందట. ఆవిడ కూతుర్ని అల్లుడు చంపాడట. తీర్పు రోజున మమ్మల్ని టీవీలో చూశానంది. అల్లుడూ పక్కనే కూర్చుని చూశాడంది.

పోలీసులు జైపాల్‌ని జైలు నించి తీసుకొచ్చి వరండాలో నిలబెట్టారు. సగానికి సగం చిక్కిపోయాడు. మమ్మల్ని చూసి, “బాగున్నరా సార్? అమ్మా, మోకాళ్ళ నొప్పి తగ్గిందా?” అని అడిగాడు. నేను తల తిప్పుకున్నాను.

మా ఆయన కానిస్టేబుల్ని బతిమాలుకుని దగ్గరికెళ్ళారు. “జైపాల్, ఒక్కటి అడుగుతాను. తిట్టడానికి కాదు. తీర్పు రోజున నా పక్కనే ఉన్నావు. అంతా నీ చెవులతో విన్నావు. గడ్డపార పట్టుకున్నప్పుడు అదేమీ గుర్తుకు రాలేదా?”

జైపాల్ నిజంగానే ఆలోచించాడు. “లేదు సార్. మీకు అబద్ధమెందుకు చెప్త? ఉరి గాదు, జైలు గాదు, నా పిల్లలు గూడ యాదికి రాలే. గా మెట్లే కనవడ్డయి.” తర్వాత గొంతు తగ్గించాడు. “గని సార్, గా ఏసీవాన్ని, నన్ను ఒక్కతీర్గ చూడకుండ్రి. వాడు కావాలని చేసిండు. వాన్ని ఉరి తియ్యాల్సిందే.”

మా ఆయన వచ్చి నా పక్కన కూర్చుని, కళ్ళజోడు తీసి తుడుచుకుంటూనే ఉన్నారు.

బోనులో నేను చూసింది చూసినట్టు చెప్పాను. మెట్ల మీద కూర్చున్నాడని చెప్పాను. అన్నా అన్నాడని చెప్పాను. రెండో దెబ్బ చెప్పాను. ప్రసన్న వెనక బల్ల మీద కూర్చుని, కొంగు నోట్లో కుక్కుకుంది.

జైపాల్‌కి యావజ్జీవం పడింది. ముందుగా అనుకుని చేసింది కాదు కాబట్టి ఉరి వెయ్యడం లేదన్నారు జడ్జిగారు. వరండాలో శ్రీకళ నాకు అడ్డంగా నిలబడింది.

“మీ బిడ్డకైతే ఉరి. నా మొగనికైతే జైలు. మావోడి పానం అంత అగ్గువనా అమ్మా?”

అందులో నా చేతిలో ఏముందని అనొచ్చు. అనలేదు. మూడేళ్ళు టీవీల్లో, పేపర్లలో ప్రాణానికి ప్రాణమే ఖరీదని చెప్పింది మేమే. ఆ అమ్మాయి మా దగ్గరే నేర్చుకుంది. ఆ రోజు నించీ ఎదురింటి రెండు గుమ్మాల్లో ఏ గుమ్మంవాళ్ళూ నాతో మాట్లాడరు.

మొన్న మార్చిలో హైకోర్టు తీర్పొచ్చింది. ఏసీ మెకానిక్ ఉరిని యావజ్జీవానికి తగ్గించి, ముప్పై ఏళ్ళదాకా విడుదల చెయ్యకూడదని రాశారు. సుప్రీంకోర్టుకి వెళ్దామన్నారు మా ఆయన. పట్టాభిగారు పిటిషన్ రాసిచ్చారు. చివర్లో మా ఆయన సొంతంగా ఓ వాక్యం కలిపి నాకు చదివి వినిపించారు. ఈ దోషిని ఉరి తీస్తే ఇలాంటి పని చెయ్యబోయే ఇంకొకడు వెనక్కి తగ్గుతాడు, అని.

“ఆ వాక్యం తీసెయ్యండి,” అన్నాను.

“ఎందుకు?”

“వెనక్కి తగ్గనివాణ్ణి నేను బాల్కనీలోంచి చూశాను.”

నాకు ఆగలేదు. “ఆ ఏసీవాడు చావాలని నాకు ఇవాళ్టికీ ఉందండీ. నిద్ర లేవగానే ముందు ఆ కోరికే లేస్తుంది. అది నా కడుపుమంట. దానికి లోకం బాగు కోసమని పేరు పెట్టకండి.”

“అది తీసేస్తే పగ తప్ప ఇందులో ఏం మిగుల్తుంది రత్నం?”

“పగే మిగలనివ్వండి. అదైనా నిజమే గదా.”

ఆయన వాక్యం కొట్టెయ్యలేదు. కింద సంతకం చేసి, పెన్ను కాయితం మీదే పెట్టి నా వైపు జరిపారు.

నేనూ సంతకం పెట్టాను.