కాళ్ళవైపు మనిషి

"ఊపిరి పీల్చుకో పెద్దాయనా, తిప్పుతున్నా" అంటూ అతను నాలుగో మంచం ముసలాయన నడుము కింద ఒక చెయ్యి పెట్టి, రెండో చేత్తో మోకాళ్ళు కలిపి పట్టుకుని ఎడమవైపుకి తిప్పాడు. ముసలాయన మూలగలేదు. తడిసిన దుప్పటిని వీపు వెంబడి చుట్టి, పొడి దుప్పటి పక్కనే పరిచి, మళ్ళీ కుడివైపుకి దొర్లించేసరికి పడక మారిపోయింది. రెండు గంటలకోసారి, ఆడామగా కలిపి పన్నెండు మంచాలు. ఇరవయ్యారేళ్ళుగా ఈ మిషను ఆస్పత్రిలో ఇదే పని. వీపున పుండు పడని వార్డు ఏదంటే అతని వార్డే. ఆ సంగతి డాక్టరుకి తెలుసు, నర్సులకి తెలుసు, కానీ పైకి ఎవరూ అనరు. 'మెత్తచేతులు' అని పేరు మాత్రం పెట్టారు.

ఒకసారి చూస్తే మళ్ళీ గుర్తుపట్టే మనిషి కాడు. సన్నటి మెడ, వంగిన భుజాలు, నీళ్ళలో నాని నాని తెల్లబడ్డ వేళ్ళు, నీలం యూనిఫాం చొక్కా. పెళ్ళి కాలేదు. "ఈ మంచాలతోనే అయిపోయిందిగా" అని నర్సులు ఆటపట్టిస్తే సిగ్గుపడి బకెట్టు తీసుకుని వెళ్ళిపోతాడు. అమ్మా నాన్నా పోయాక అతన్ని పెంచి పెద్దచేసింది అక్క. ఆ అక్క ఇప్పుడు ఆరో మంచం మీద ఉంది.

కడుపులో గడ్డ. ఇంజక్షను ఇస్తే రెండు గంటలు కునుకు, ఆ తర్వాత దిండు అంచు పళ్ళతో కొరుకుతూ నాలుగు గంటలు. పదకొండు రోజులుగా ఇదే వరస. చెయ్యగలిగిందేమీ లేదని డాక్టరు చెప్పేశాడు. నెలో, రెండు నెలలో ఇలాగే సాగుతుందన్నాడు.

బుధవారం కనుక తొమ్మిదింటికి పాస్టరుగారు వచ్చారు. వార్డులో ఆయనది తలవైపు. బొటనవేలు నూనెలో ముంచి నుదుట రాసి, కిటికీ అద్దాలు అదిరేలా ప్రార్థిస్తారు. అతనిది కాళ్ళవైపు. అక్కడ నిలబడి ఆమేన్ అంటాడు, అంతే. రోగుల కోసం సొంతంగా ప్రార్థించడం మానేసి తొమ్మిదేళ్ళయింది.

అంతకుముందు మూడుసార్లు చేశాడు. రోగి కాళ్ళు కడుగుతూ, మడమలు రెండూ అరచేతుల్లో పట్టుకుని, జాలి ఆపుకోలేక "ప్రభువా, బాగుచెయ్యి" అని అడిగాడు. మొదట ఒక తాపీమేస్త్రీకి, కొన్నేళ్ళకి ఒక టీచరమ్మకి, ఆఖరున ఒక పడుచుపిల్లకి. ముగ్గురికీ ఒకేలా జరిగింది. చల్లబడ్డ మడమలు వెచ్చబడ్డాయి. నొప్పి పోయింది. లేచి కూర్చుని ఆకలన్నారు, నవ్వారు. కాసేపటికి అతని పక్కన ఖాళీగా ఉన్న చోటు చూసి, "ఆయన్ని నిలబెట్టేశావేం, స్టూలు వెయ్యి" అన్నారు. ఒకరి మాట ఇంకొకరు వినే వీలే లేదు. చీకటి పడకముందే ముగ్గురూ పోయారు.

ఈ సంగతి అతను అక్క ఒక్కదానికే చెప్పాడు. ఎందుకు చెప్పానా అని ఇప్పుడు నాలుక కరుచుకుంటున్నాడు.

పాస్టరుగారు వెళ్ళాక ఆమె వేలితో పిలిచింది. "ఒరేయ్, ఆయనది అయింది. ఇంక నీ వంతు."

"నా వంతేంటక్కా? పక్కకి తిరుగు, వీపు తుడుస్తా."

"వీపెక్కడికీ పోదులే. బయటివాళ్ళ కోసం అడిగావు. సొంత అక్క కోసం అడగవా?"

"నువ్వు పోతావక్కా."

"పోక ఇక్కడే కాపురం పెడతానా? నన్ను చంపమని అడగమనడం లేదురా. బాగుచెయ్యమని అడుగు. ఎలా చేస్తాడో ఆయనిష్టం."

అతను బకెట్టు తీసుకుని వెళ్ళిపోయాడు. పదకొండింటికి పన్నెండు మంచాలూ తిప్పాడు. ఒంటిగంటకి మళ్ళీ తిప్పాడు. ఎటు తిరిగినా దిండు కొరికే చప్పుడే వినిపిస్తోంది. ఆమె లేకపోతే ఇంటికి వెళ్ళి తలుపు తీసినప్పుడు "వచ్చావా" అనేవాళ్ళుండరు. ఆ ఒక్క మాట కోసం ఆమెని ఈ నొప్పిలో పడేసి ఉంచుతున్నానా అనిపించి, అతనికి తనమీద తనకే అసహ్యం వేసింది.

రెండున్నరకి బేసినులో గోరువెచ్చటి నీళ్ళు తెచ్చాడు. ఆమె కాళ్ళు కడిగాడు. మడమలు పట్టుకున్నాడు. అక్కని నాకు ఉంచు అని అడగాలని నోటిదాకా వచ్చింది. "బాగుచెయ్యి" అన్నాడు.

వార్డు మొత్తంలో మూలుగులు ఆగిపోయాయి. మూల కుళాయి కూడా చుక్క రాల్చలేదు. అతని అరచేతుల్లో మడమలు మెల్లగా వెచ్చబడ్డాయి. ఆ తర్వాత కుళాయి మళ్ళీ మొదలైంది.

"అబ్బ" అంటూ ఆమె బరువు దించుకున్నదానిలా లేచి కూర్చుంది. టీ అడిగింది. రొట్టె అడిగింది. ఐదో మంచం ఆవిడ కూతురు "స్తోత్రం, స్తోత్రం" అని ఏడ్చేసింది. నర్సు పాస్టరుగారికి ఫోను చెయ్యడానికి పరిగెత్తింది. అందరూ సంబరపడుతుంటే అతను మాత్రం కిటికీలోంచి పొద్దు ఇంకా ఎంత ఉందో చూశాడు.

"ఆ మూడో గుండీ ఎప్పుడు ఊడిందిరా? ఇలాగే ఊరంతా తిరుగుతున్నావా? విప్పు."

"ఇప్పుడెందుకక్కా?"

"ఇప్పుడు కాక ఎప్పుడు కుడతాను?"

అతను చొక్కా ఇచ్చి బనియను మీద ఏప్రాన్ కట్టుకున్నాడు. ఐదో మంచం ఆవిడ కూతురి దగ్గర సూదీ దారం దొరికాయి. చొక్కా అడుగున కుట్టి ఉన్న అదనపు గుండీని ఆమె తెంపి తీసుకుంది. కళ్ళజోడు లేకుండా ఒక్కసారికే దారం ఎక్కించింది. తల ఎత్తకుండానే అంది: "పెద్దమనిషిని అలా నిలబెడతావేంరా? స్టూలు వెయ్యి."

అతను పక్కకి చూశాడు. నేలమీద తన నీడ ఒక్కటే ఉంది. వెళ్ళి ఇనుప స్టూలు తెచ్చి, అలవాటుకొద్దీ గుడ్డతో తుడిచి, మంచానికి బారెడు దూరంలో వేశాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"ఎవరక్కా?"

"ఇన్నేళ్ళూ వెంటబెట్టుకు తిరిగింది నువ్వు, అడిగేది నన్నా?" ఆమె నవ్వింది. చిన్నప్పుడు అతను లెక్క తప్పు చేస్తే నవ్వినట్టే నవ్వింది. "పో, పెద్దాయన్ని తిప్పే వేళయింది. నాకేం, ఒంటరిగా లేనుగా."

నాలుగో మంచం దగ్గర అతనికి చేతులు మొరాయించాయి. అతని చేతుల్లో ముసలాయన మొదటిసారి మూలిగాడు. అయిదు నిమిషాలు పట్టింది.

తిరిగి వచ్చేసరికి ఆమె దిండుకి జారగిలబడి ఉంది. నుదుటిమీద ముడతలు లేవు. దూరంగా వేసిన స్టూలు మంచం పట్టెకి ఆనుకుని ఉంది. ఎవరు జరిపారని అతను ఎవర్నీ అడగలేదు. నర్సు వచ్చి మణికట్టు పట్టుకుని చూసి, మెల్లగా వదిలేసింది.

అప్పుడే పాస్టరుగారు ముఖమంతా నవ్వుతో లోపలికి వచ్చారు. "ఏదీ మన అక్కగారు? ఎలా ఉంది?"

"బాగైపోయిందండీ" అన్నాడు అతను. ఆ మాట అన్నాక ఏడుపు ఆగలేదు. మొదటిసారి తలవైపుకి వెళ్ళి, ఆమె జుట్టు చెవి వెనక్కి సర్ది, ఒళ్ళోంచి చొక్కా తీసుకున్నాడు.

మూడో గుండీ గట్టిగా కుట్టి ఉంది. తెంపని దారం చివర సూది వేలాడుతోంది.