వాగు వెంట గూడేనికి

ఫోను కలవని ఆ రోజుల్లో మా అమ్మాయి వీరదుర్గను నేను మనసులో ఎన్ని రకాలుగా చంపుకున్నానో చెప్పలేను. పాము కరిచి, జ్వరం ముదిరి, జీపు లోయలోకి దొర్లి. అన్నం ముందు కూర్చుంటే ముద్దకొక చావు కనిపించేది. అది మారేడుమిల్లి అవతల కొండల్లో, ఒక గూడెంలో నర్సు. చేరి ఏడాదైనా కాలేదు. మా ఆయన గంగరాజు బోటు మీద చేపల వేటకెళ్లాడు. ఆయన ఒడ్డుకొచ్చేదాకా ఆగలేక, పిల్లను ఉద్యోగం మాన్పించి తెచ్చేసుకుందామని నరసాపురంలో బస్సెక్కేశాను. సంచిలో ఎండురొయ్యలు, వాటి కింద చేపలు కోసే నా కత్తి. ఒంటరి ఆడదాన్ని కదా అని పెట్టుకున్నాను.

జీపు దారి అయిపోయిన చోట ఒక టీకొట్టు ఉంది. మాఘం చివరి రోజులు. పొద్దెక్కినా లోయలో మంచు విడలేదు. కొట్టు నడిపే మహాలక్ష్మమ్మ నన్ను ఎగాదిగా చూసింది.

"తోడెవరూ లేరాండీ?"

"లేరండి. గూడెంలో నర్సు మా అమ్మాయే. అక్కడికి ఎటెళ్లాలి?"

"గట్టు మీద దారి వదలకండి. కింద వాగులోకి మాత్రం దిగొద్దు. మీ నర్సమ్మకేం, బానే ఉంది. మొన్న సంతలో కనిపించింది కూడాను. టవరు పాడైపోయి ఎవరి ఫోనూ పలకట్లేదు."

"మొన్న బాగుంటే ఇవాళ బాగున్నట్టాండీ?" అన్నాను. ఆవిడ నవ్వి టీ డబ్బులు కూడా తీసుకోలేదు. అది చూసి ఇంకా భయమేసింది. చావు కబురు దాచేవాళ్లే అలా మంచిగా ఉంటారు.

గట్టు దారి కొంత దూరం బాగానే ఉంది. తర్వాత చీలింది, మళ్లీ చీలింది. ఏది మనుషులు నడిచిందో, ఏది పశువులు నడిచిందో మంచులో తెలియలేదు. కింద నీళ్ల చప్పుడు వినిపించింది. మా వైపు ఎవరూ దారి తప్పరు. కాలువ గట్టు పట్టుకుంటే నీళ్లు ఆపే తలుపుల లాకు వస్తుంది, లాకు దగ్గర మనుషులుంటారు. పుట్టిన దగ్గర్నుంచి నాకు తెలిసింది అదే. మహాలక్ష్మమ్మ మాట పక్కన పెట్టి వాగులోకి దిగిపోయాను. నడిచేకొద్దీ ఇరుపక్కలా రాళ్లు దగ్గరికొచ్చాయి తప్ప ఊరు రాలేదు.

ఒక మలుపు తిరిగేసరికి ఎదురుగా అడవిపంది.

దాని వెనక కాలు క్లచ్ వైరు ఉచ్చులో ఇరుక్కుంది. లాగి లాగి వైరు ఎముక దాకా కోసేసింది. మూతి నిండా నురగ, రక్తం. అది తవ్విపోసిన ఇసుకలో ఎర్రటి నీళ్లు. వెనక్కి తిరిగి ఉంటే సరిపోయేది. కానీ మా దుర్గ దాని అవతలే ఎక్కడో ఉందనిపించింది. రాతికి వీపు ఆనించి పక్కగా జారబోయాను.

అది ఒక్క గుంజు గుంజింది. వైరు తెగింది.

తొడలో కోర దిగింది. నొప్పి తర్వాత వచ్చింది, ముందు వేడి తెలిసింది. నీళ్లలో పడ్డాను. తల ఎత్తి మళ్లీ పొడిచింది, అడ్డం పెట్టిన చెయ్యి కొరికింది. సంచి చిరిగి రొయ్యలు వాగులో తేలిపోతున్నాయి. కత్తి చేతికి దొరికింది. మెడ కింద పొడిచాను. అది ఆగలేదు. నేనూ ఆగలేదు. చేపను కోస్తే అరవదు. ఇది మనిషిలా అరిచింది. నేనూ అరుస్తున్నానని తర్వాత తెలిసింది. చివరికి అది నా కాళ్ల మీద పడి కొట్టుకుని కొట్టుకుని ఆగిపోయింది. పైన వేడి రక్తం, కింద గడ్డకట్టే నీళ్లు. లేవలేకపోయాను.

ఆ కేకలకు గొడ్డళ్లతో కొందరు మగవాళ్లు పరిగెత్తుకొచ్చారు. ఉచ్చు వాళ్లదే.

"ఎవరమ్మా నువ్వు? ఇందులోకెందుకు దిగావు?" అన్నాడు ముందున్న లోవరాజు.

"మా అమ్మాయి... నర్సు... బతికుందా?"

"నర్సమ్మ వాళ్లమ్మరా ఈవిడ! బతికే ఉందమ్మా. ముందు నీ సంగతి చూడు."

తువ్వాలు చింపి నా తొడకు బిగించాడు. వెనకాల ఒకడు పందిని కాలితో తిప్పి చూసి, "ఉచ్చు మనది, చంపింది ఈవిడ. తలకాయ ఈవిడకే చెందాలి" అన్నాడు. వాళ్లలో అది ఆనవాయితీట. అలాంటప్పుడు కూడా వాటా తప్పకూడదట.

"తలకాయ మీరే తినండి నాయనా, నన్ను నా పిల్ల దగ్గర పడెయ్యండి" అన్నాను.

కర్రకు దుప్పటి కట్టి డోలీలో నన్ను మోశారు. ముందు ఇంకో కర్రకు పంది వేలాడుతోంది. దాని ముక్కులోంచి రక్తం బొట్లు బొట్లుగా నా దారి పొడుగునా కారింది.

దుర్గ గుమ్మంలో నిలబడి ఉంది. బతికి ఉంది. నన్ను చూసి ఏడవలేదు. చేతులు కడుక్కుంది.

"వాగులోకి దిగమని ఎవరు చెప్పారమ్మా నీకు?"

"నీ ఫోను కలవలేదే."

మత్తు ఇంజెక్షను ఇచ్చింది కానీ అది చాలలేదు. లోవరాజు నా భుజాలు అదిమి పట్టుకున్నాడు. కుట్లు వేస్తూ సూది దించినప్పుడల్లా దాన్ని కన్నందుకు నన్ను నేను తిట్టుకున్నాను, తర్వాత దాన్ని తిట్టాను.

"తిట్టుకో. కదలకు."

"ఈ ఉద్యోగం మానెయ్. రేపు నాతో వచ్చెయ్."

"సూది నా చేతిలో ఉంది. ఇప్పుడా అడగడం?"

బయట పందిని నరుకుతున్న గొడ్డలి చప్పుడు. ప్రతి దెబ్బకూ నా కాలు అదిరింది.

తెల్లారేసరికి నన్ను పెద్దాసుపత్రికి పంపడానికి డోలీ సిద్ధం చేశారు. అదే సమయానికి పక్కింట్లో ఒక అమ్మాయికి పురిటినొప్పులు మొదలయ్యాయి. గుమ్మం దగ్గర దుర్గ మణికట్టు దొరకబుచ్చుకున్నాను.

"కదులు. నాతో రా."

"అమ్మా, వదులు. అక్కడ కడుపులో బిడ్డ అడ్డం తిరిగింది."

"నిన్నిక్కడ వదిలితే చస్తావే!"

"వదలకపోతే అది చస్తుంది."

నేను గుంజాను. తొడలో కుట్లు పిగిలి బట్ట తడిసింది. అది చూసింది. అయినా డోలీ వైపు అడుగు వెయ్యలేదు. నా వేళ్లు ఒక్కొక్కటే విప్పింది. ఆఖరి వేలు రాకపోతే, నేను అబ్బా అనేదాకా వెనక్కి విరిచింది. గాయం మీద కొత్త గుడ్డ పెట్టి బిగించి, "లోవరాజన్నా, గట్టు దారినే పోండి" అని పక్కింట్లోకి పరిగెత్తింది.

దాని మణికట్టు మీద నా గోళ్లు దిగిన చోట రక్తం ఉబుకుతోంది. తుడుచుకోనైనా లేదు.

నన్ను పడుకోబెట్టుకుని డోలీ లేచింది.

"ఆ చెయ్యి కడుక్కుని పట్టుకోవే బిడ్డని!" అని అరిచాను.