నాలుగంతస్తుల మేడ

వంటింట్లో నిలబడి, కజ్జికాయల్లాంటి పిరోహీల అంచులు నొక్కుతున్నాను. వీధి వాళ్ళంతా సాయంత్రం మా ఇంట్లో కలుస్తారని మా ఆయన మైరన్ పొద్దున చెప్పాడు, ఎంతమందో చెప్పలేదు. దుంపలు ఉడికించి చిదమడం, పిండి కలపడం, కుర్చీలు కింది నుంచి మోసుకురావడం అయ్యాయి. ఇక ఇదొక్కటే మిగిలింది. అతను గుమ్మానికి ఆనుకుని నాకు పాఠం చెబుతున్నాడు.

"మళ్ళీ చెప్పు."

"నేను ఈ వీధికి కాపురానికొచ్చి ముప్ఫై ఏళ్ళు దాటింది. ఇక్కడి ప్రశాంతతే నా ప్రాణం."

"అప్పజెప్పినట్టు కాదు, ఒరీసియా. గొంతు కాస్త వణకాలి. ఆడమనిషి వణుకుతూ చెబితే కౌన్సిల్ వాళ్ళు వింటారు."

మా వీధి చివర స్కేటింగ్ హాలు మూతబడింది. ఆ స్థలంలో విడి విడి ఇళ్ళే కట్టాలని విన్నిపెగ్ నగరం నియమం. దాన్ని మార్చి నాలుగంతస్తుల అద్దె ఇళ్ళకు అనుమతివ్వమని ఒక బిల్డరు అడిగాడు. అప్పటి నుంచి మా వీధికి మనశ్శాంతి లేదు. కార్లు ఎక్కడ ఆగుతాయి, పాత మురుగు పైపులు తట్టుకుంటాయా అని ఒకటే చర్చ. అన్నీ ఉత్త భయాలేమీ కావు. పక్కింటి ల్యూబా తన టమాటా మొక్కల మీద ఇక ఎండ పడదని కళ్ళు తుడుచుకుంటే నాకూ జాలేసింది. కానీ మాటలు ఎక్కడ మొదలైనా చివరికి ఒక్కచోటికే చేరేవి. "ఒంటిగది ఇళ్ళట. అందులో ఎవరుంటారు? మొగుడొదిలేసినవాళ్ళు, మొగుణ్ణి వదిలేసినవాళ్ళు" అని మైరన్ అనేవాడు. అందరూ నవ్వేవాళ్ళు. నేను కప్పుల్లో కాఫీ పోస్తూ ఉండేదాన్ని.

పోయిన చలికాలం నేనొకసారి ఇల్లు వదిలి వెళ్ళిపోయాను. ఆ రోజు పెద్దగా ఏమీ జరగలేదు. బడి వంటగదిలో పని ముగించుకుని వచ్చి, మంచం పట్టిన అత్తయ్యకు స్నానం చేయించి, తడిసిన బట్టలతో హాల్లోకొచ్చి ఒక్క నిమిషం నిలబడ్డాను. "టీవీకి అడ్డం తప్పుకో" అన్నాడు మైరన్. అంతే. తప్పుకున్నాను. అలా తప్పుకుంటూనే సంచిలో రెండు జతల బట్టలు కుక్కుకుని బస్సెక్కాను. నాకు కారు నడపడం రాదు. నేర్పమని అడిగినప్పుడల్లా "ఎక్కడికెళ్ళాలి నువ్వు?" అనేవాడు. నా జీతానికి అందే అద్దె గదులన్నీ నది అవతల, బడికి రెండు బస్సుల దూరంలో ఉన్నాయి. నేను పనిలోకి దిగే వేళకు ఆ బస్సుల్లో మొదటిది ఇంకా బయల్దేరనే బయల్దేరదు. వేళ్ళు కొంకర్లు పోయేదాకా తిరిగి ఇంటికే వచ్చాను. నేను వెళ్ళినట్టు మైరన్‌కు తెలియనే లేదు. "రొట్టె తెచ్చావా?" అన్నాడు. అత్తయ్య మాత్రం నా బూట్లకంటిన మంచు చూసి, "ఎక్కడ తగలడ్డావు? నా కొడుకు మెతక కాబట్టి సాగుతోంది నీకు" అంది.

ఆ తర్వాత బిల్డరు స్కేటింగ్ హాలు కంచెకు మేడ బొమ్మ తగిలించాడు. బడికి వెళ్ళేటప్పుడు రోజూ దాని ముందు ఆగేదాన్ని. మూడో అంతస్తులో మూల కిటికీ ఒకటి నాది అనుకున్నాను. అక్కడి నుంచి బడికి నడిచే వెళ్ళొచ్చు. ఇంటికొచ్చి, మైరన్ చెప్పినట్టే, "మేడ వద్దు" అని అట్టల మీద ఎర్రరంగుతో రాసేదాన్ని. నా చెయ్యి ఒకటి రాస్తుంటే మనసు ఇంకొకటి అడుగుతుండేది. ఎవరితో చెప్పుకోను? చెప్పుకోగల మనుషులంతా మా ఇంట్లోనే కూర్చుని ఆ మేడను ఎలా ఆపాలా అని మాట్లాడుకుంటున్నారు.

మేడ అనుమతి మీద కౌన్సిల్ విచారణ రోజున నా పేరు పిలిచారు. మైకు ముందుకు వెళ్ళాను. రెండో వరసలోంచి మైరన్ తన గొంతు మీద వేలితో తట్టి సైగ చేశాడు, వణకాలని. నిజంగానే వణికింది.

"నేను ఈ వీధికి కాపురానికొచ్చి ముప్ఫై ఏళ్ళు దాటింది" అన్నాను. తర్వాతి మాట రాలేదు. వేరే మాట వచ్చింది. "ఆ మేడ కడితే అందులో నాకొక గది కావాలి. నేను వేరుగా ఉండాలనుకుంటున్నాను. పనికి నడిచి వెళ్ళేంత దగ్గర్లో అద్దెకు ఇంకేమీ లేదు. దయచేసి కట్టనివ్వండి."

ఎవరో దగ్గారు. ల్యూబా తల దించుకుంది. అధ్యక్షుడు నాకు ధన్యవాదాలు చెప్పి తర్వాతి పేరు పిలిచాడు.

అనుమతి ఇవ్వలేదు. మా వీధి వాళ్ళు మైరన్‌ను కౌగిలించుకున్నారు. నా దగ్గరికి ఎవరూ రాలేదు. కారులో అతను అరవలేదు. "నా పరువు తీశావు, బాగానే ఉంది. ఇప్పుడు ఎక్కడికి పోతావు?" అన్నాడు. ఇల్లు వచ్చేదాకా ఆ ఒక్క మాటే నాలుగైదు సార్లు, నవ్వుతూ. ఆ కిటికీ కూడా పోయింది. ఇక ఈ గోడల మధ్యే, ఈ నవ్వు వింటూ ముసలిదాన్నవుతానని తెలిసిపోయింది.

అత్తయ్య గదిలో టీవీ ఇంకా మోగుతోంది. కౌన్సిల్ విచారణలు అందులో వేస్తారు, అంతా చూసినట్టుంది.

"బుద్ధుందా నీకు?" అంది.

"మీరూ అనండి అత్తయ్యా."

"అంటాను. మైకు దొరికితే ఎవరైనా మన కిటికీలోంచి కనబడే గది అడుగుతారా? వాడు ఆ గదిలోకి తొంగిచూస్తూనే ఉండేవాడు. వాళ్ళ నాన్నా అంతే. నేను కోడిగూట్లోకెళ్ళి ఏడ్చినా వెనకాలే వచ్చేవాడు." దుప్పటి కిందనుంచి చెయ్యి తీసి నా మణికట్టు పట్టుకుంది. "నది అవతలికి పో."

"బడి పని పోతుంది."

"పోనీ. అవతల బళ్ళు లేవా? అక్కడి పిల్లలు తినరా?"

"మిమ్మల్నెవరు చూస్తారు?"

"కన్నాను కదా, వాడు చూస్తాడు. చూడకపోతే కంపు కొడతాను. ఆ కంపూ వాడే పీలుస్తాడు." ఆమె నవ్వలేదు. గోడ వైపు తిరిగింది. కొడుకు చేత ఒళ్ళు తుడిపించుకోవడమంటే ఆమెకు చావు కంటే సిగ్గు. అది నాకు తెలుసు. ఆమెకూ తెలుసు.

ఆమె దుప్పటి సరిచేశాను. తర్వాత గుమ్మంలోకి వెళ్ళి మైరన్‌ను పిలిచాను. నవ్వుతూనే వచ్చాడు.

"అమ్మకు బట్టలు మార్చడం ఇవాళ నేర్చుకో" అన్నాను. "రేపు నేనుండను."